కదలని గీత

ఖాలిక్ అబద్ధాలు పట్టే యంత్రం పెట్టిన పరీక్ష గదిలోంచి బయటికి వచ్చేసరికి, ఏసీ వణికిస్తున్నా అతని చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. తలుపు కూడా సరిగా వెయ్యకుండా వచ్చి ఉదయ్‌కిరణ్ భుజం పట్టుకున్నాడు.

“నా పని ఖతం, ఉదయ్ భాయ్!”

“ఏమైంది? మెల్లిగా చెప్పు.”

“సీడీ తీసింది నువ్వేనా అని ఫస్ట్ ఇంగ్లీషుల అడిగిన్రు. నేను కాదన్న. కాగితం మీద గీత సాఫ్‌గ పోయింది. తర్వాత టేపు పెట్టిన్రు. మా ఇంట్ల మాట్లాడే ఉర్దూ! అచ్చం మా ఫూఫీ, మా మేనత్త గొంతు లెక్క, ‘చోర్’ అనంగనే గుండె ఎగిరింది. గీత గింత ఎత్తు లేసింది! అల్లా కసం, నేను తియ్యలే!”

ఖాలిక్ తియ్యలేదని ఉదయ్‌కిరణ్‌కి తెలుసు. సింగపూర్ పాయా లెబార్‌లోని ఆ ఆఫీసులో ఆ సంగతి అంత కచ్చితంగా తెలిసినవాడు అతనొక్కడే. తీసింది తనే కాబట్టి.

బ్యాంకుల కోసం కంపెనీ రెండేళ్లు కష్టపడి రాయించిన ప్రోగ్రామ్ అది. మొత్తం ఒక్క సీడీలోకి ఎక్కించి పోటీ కంపెనీకి అందించాడు. సోమవారం నుంచి అక్కడ మేనేజర్ ఉద్యోగం. రెండువేల సంవత్సరం మరి, కంప్యూటర్ తెలిసినవాణ్ణి సింగపూర్‌లో పిలిచి పీట వేస్తున్న రోజులు. దొరికిపోతే మాత్రం పీటా ఉండదు, పర్మిట్టూ ఉండదు. తిన్నగా జైలే.

“ఆ పరీక్ష చేసే డాక్టరమ్మకి ఇవన్నీ ఎవరు నేర్పారంట?” అన్నాడు ఉదయ్‌కిరణ్.

“వేల్స్‌ల చదివిందంట భాయ్. అక్కడోళ్లకు వెల్ష్, ఇంగ్లీషు రెండూ వస్తయంట. నేర్చుకున్న భాషల అబద్ధం అలకగ చెప్పొచ్చంట గానీ, అమ్మ నేర్పిన భాషల చెప్తే ఒళ్లు ఊకోదంట. అందుకే ఎవరి ఇంటి భాషల వాళ్లకు టేపు. బ్యాగు నిండ ఉన్నయ్.”

ఉదయ్‌కిరణ్ తన సంగతి లెక్కేసుకున్నాడు. ఇంగ్లీషులో వంద అబద్ధాలు రెప్ప వెయ్యకుండా చెప్పగలడు. తెలుగులో చిన్నప్పుడు పంచదార దొంగిలించిన సంగతి కూడా దాచలేకపోయాడు.

“నెక్స్ట్!”

లోపల యంత్రం ముందు డాక్టర్ రాధ కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, ముక్కు మీద కళ్లద్దాలు. పక్కన మేనేజర్ మిస్ టాన్ ఫారం పట్టుకుని నిలబడింది.

“మదర్ టంగ్... యూ ఇండియన్, సో తమిళ్ లా. కరెక్ట్?” అంటూనే టిక్కు పెట్టబోయింది.

ఈ ఊళ్లో టాక్సీ డ్రైవర్ దగ్గర్నుంచి ఆఫీసులో బాసు దాకా అందరిదీ ఇదే లెక్క, ఇండియన్ అంటే తమిళం. “కాదు బాబూ, మాది తెలుగు” అని రెండేళ్లుగా వాదించి వాదించి ఉదయ్‌కిరణ్ గొంతు అరిగిపోయింది. ఇవాళ ఆ తప్పే అతనికి దేవుడిచ్చిన వరంలా కనిపించింది.

“కరెక్ట్ లా, మిస్ టాన్,” అన్నాడు.

మద్రాసులో నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివాడు. తమిళం బాగానే వచ్చు. కాకపోతే నాలుక దాకానే వచ్చింది, గుండె దాకా దిగలేదు.

డాక్టర్ రాధ అతని వేళ్లకి, ఛాతీకి వైర్లు తగిలించింది. ఇంగ్లీషులో అడిగింది. “నో” అన్నాడు. గీత తిన్నగా సాగింది. టేపు నొక్కింది. ఎవరో తమిళ పెద్దాయన “తిరుడన్ నీదానా?” అని దొంగని నిలదీసినట్టు గర్జించాడు. ఉదయ్‌కిరణ్‌కి బస్సులో కండక్టర్ ఎవరిదో స్టాపు పేరు అరిచినట్టనిపించింది.

“ఇల్లై,” కాదని చల్లగా అన్నాడు.

గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

మిస్ టాన్ ఊపిరి పీల్చుకుంది. “లాస్ట్ మ్యాన్ ఆల్సో ఓకే. ఖాలిక్ లైన్ హైయెస్ట్ లా. సో ఇట్స్ ఖాలిక్. కాల్ పోలీస్.”

“పాపం, పిల్లలు గలవాడు మేడమ్,” అన్నాడు ఉదయ్‌కిరణ్, గొంతులో వీలైనంత జాలి నింపి.

డాక్టర్ రాధ మాత్రం వైర్లు తియ్యలేదు. అప్పటిదాకా పరీక్ష చేసిన పన్నెండు మంది కాగితాలూ బల్ల మీద వరసగా పరిచింది.

“ఖాలిక్ కాదు,” అంది ఇంగ్లీషులో. “ఇంటి భాషలో దొంగ అని పిలిస్తే ఏ తప్పూ చెయ్యనివాడికీ గుండె అదురుతుంది. తిట్లు, దెబ్బలు తిన్న భాష కదా. ఈ ఆఫీసులో పదకొండు మందికి అదిరింది. అదరనివాడు ఎవడా అనే చూస్తున్నాను. ఇంటి భాష దాచుకోవాల్సిన అవసరం ఒక్క దొంగకే ఉంటుంది.”

“నా ఇంటి భాష తమిళమే డాక్టర్! కావాలంటే...”

ఆవిడ టేప్‌రికార్డర్ పక్కకి జరిపి, కుర్చీ ముందుకు లాక్కుని, కళ్లద్దాల పైనుంచి అతని కళ్లలోకి చూసింది.

“మాది ఒంగోలు నాయనా. ఇందాక మీరిద్దరూ తలుపు దగ్గర మాట్లాడుకున్నదంతా విన్నాను. నీకు టేపెందుకు గానీ, నేనే అడుగుతా చెప్పు, దొంగవి నువ్వేనా?”

గీత కాగితం దాటి పోయింది.