ఎదుటి కుర్చీ

"ఆ కుర్చీలో మనిషి లేడు కదప్పా, సంచి తియ్యి!"

వెంకటగిరియప్ప సంచి తియ్యలేదు. చేతిలో ఉన్న ఇడ్లీ ముక్కని సాంబారులో ముంచి, వినపడనట్టు నోట్లో పెట్టుకున్నాడు. ఎదుటి కుర్చీని ఆనుకుని నిలబడ్డాయన చేతుల నిండా చీరల కవర్లున్నాయి. పక్కన భార్య ఉంది. ఇద్దరి మొహాల్లోనూ ఆకలి ఉంది.

"మనిషి వస్తాది. చెయ్యి కడుక్కునేదానికి పోయింది," అన్నాడు వెంకటగిరియప్ప.

"అరగంట నుంచి కడుగుతానే ఉండాదా?"

పక్క బల్లవాళ్లు కిసుక్కున నవ్వారు.

ఆదివారం పూట చిక్కపేటలోని ఈ చిన్న శాకాహార హోటల్లో చోటు దొరకాలంటే పద్ధతి ఒక్కటే. తింటున్నవాడి కుర్చీ వెనక వెళ్లి నిలబడాలి, వాడు లేచేదాకా కదలకూడదు. వరస లేదు, చీటీ లేదు. తినేవాడి పద్ధతి కూడా ఒక్కటే. వెనక్కి తిరిగి చూడకూడదు. చూశాడో, మొహమాటం పట్టుకుంటుంది, సగం దోసె వదిలేసి లేవాల్సిందే. వెంకటగిరియప్ప హొసకోటె నుంచి నలభై ఏళ్లుగా చిక్కపేటకి వచ్చిపోతున్న మనిషి, ఈ మర్యాదలన్నీ తెలిసినవాడు. తన కుర్చీ వెనక కూడా ఎవరో ఉన్నారని తెలుసు. రెండు చేతులు కుర్చీ పట్టుకుని ఉన్నట్టు వీపుకి తెలుస్తూనే ఉంది. వాళ్లు నోరు విప్పకపోవడం ఆయనకి మరీ చిరాకుగా ఉంది. అరిచేవాడితోనైతే పోట్లాడొచ్చు, ఊరికే నిలబడేవాళ్లనేం చేస్తాం?

లేవడానికి మాత్రం వీల్లేదు. కూతురు సుమ వస్తానంది. తండ్రీకూతుళ్ల మధ్య మాటలు లేక ఆరేళ్లయింది. మొన్న ఆయన చెల్లెలు కదిరమ్మ చేత కబురు పంపింది. "ఆదివారం పదకొండుకి చిక్కపేట స్వీటంగడి హోటల్లో, గోడ పక్క బల్ల కాడ కూర్చోమను, వస్తా." అంతే. ఫోన్ నంబరు కూడా ఇవ్వలేదు. ఈ బల్ల పోయి, తనెక్కడో వీధిలో జనంలో నిలబడితే, సుమ వచ్చి చూసి, ఆయన రాలేదనుకుని వెళ్లిపోతుంది. మళ్లీ కబురు పంపదు. ఆ పంతం ఎవరి పోలికో ఆయనకి బాగా తెలుసు.

సర్వర్ దేవరాజ్ వచ్చి బల్ల తుడిచాడు. "ఇంకేం కావాలప్పా? వద్దంటే జాగా వదులు. తిన్నోళ్లు లేయాల. నీ ఎనకాల కూడా కాసుకోని ఉండారు."

"ఖారాబాత్ తే."

ఖారాబాత్ ఉప్మా అయింది. తియ్యటి కేసరిబాత్ అయింది. పదకొండున్నరకి బోండా సూప్ వచ్చింది. బోండాని గోళ్లతో గిల్లి గిల్లి తిన్నాడు. కడుపు ఉబ్బి చొక్కా గుండీలు లాగుతున్నాయి. ఇటు గోడ, ఎదురుగా చీరల కవర్లు, వెనక ఉలుకూపలుకూ లేని శాల్తీ. ఊపిరి తీసుకోవాలన్నా ఎవరినో అడగాలన్నట్టుంది. ముందు ఇంత తిండి పెట్టుకుని ఇంత భయపడ్డ మనిషి ఆ హోటల్లో ఇంకొకరు ఉండరు.

పన్నెండయింది. చీరలాయన సంచి మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోవద్దు!" వెంకటగిరియప్ప గొంతు హోటలంతా వినపడింది. "దేవరాజూ, ఒక ప్లేటు జిలేబీ తెచ్చి ఆ పక్క పెట్టప్పా."

ముందున్న స్వీట్ల కౌంటర్ నుంచి దేవరాజ్ జిలేబీ తెచ్చి ఖాళీ కుర్చీ ముందు పెట్టాడు. "ఎవురికి ఇది?"

"నా బిడ్డకి. సన్నప్పటి నుంచి దానికి ఈడ జిలేబీ అంటే ప్రాణం."

"నిజంగా వస్తాదా?"

అబద్ధమాడే ఓపిక కూడా అయిపోయింది. "తెలీదప్పా. తప్పంతా నాదే. వస్తే ఆ మాట చెప్పల్లని కూర్చోనుండా."

చీరలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెంకటగిరియప్ప కుర్చీ మాత్రం ఒక్కసారి కదిలింది. వెనకవాళ్లు తొందరపెడుతున్నారనుకుని ఆయన ఇంకాస్త ముందుకి జరిగి కూర్చున్నాడు.

పన్నెండున్నర. చీరలాయన భార్య గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. ఆమెని చూస్తే వెంకటగిరియప్పకి జాలేసింది. సుమ రాదు. వచ్చేదే అయితే పదకొండుకే వచ్చేది. తన బిడ్డ కోసం ఇంకొకరి బిడ్డ ఎందుకు ఆకలితో మాడాలి? సంచి తీశాడు.

"కూర్చోమ్మా," అన్నాడు. జిలేబీ ప్లేటు కూడా ఆమె వైపు జరిపాడు. "తిను తల్లీ, ఎవురూ ముట్టింది కాదు."

బల్ల పట్టుకుని మెల్లిగా లేచాడు. ఎంగిలి చెయ్యి ఎవరికీ తగలకుండా ఎత్తి పట్టుకుని, పద్ధతి ప్రకారం వెనక్కి చూడకుండానే అన్నాడు. "రాప్పా, నాదయిపోయింది. కూర్చో."

ఎవరూ కూర్చోలేదు. గంటన్నర ప్రాణం తీసి ఇప్పుడేం వచ్చిందీ అని కోపంగా గిరుక్కున తిరిగాడు.

తల వంచుకుని, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని సుమ నిలబడి ఉంది.

"నీ మొగం నాకు చూపియ్యద్దంటివి కదా నాయనా! అందుకే పదకొండు నుంచి నీ ఎనకాలే నిలబడుకోని ఉండా."