ఎదుటి కుర్చీ

ఆ ముసలావిడ ఇవాళ కూడా వేద ఎదురుగానే వచ్చి కూర్చుంది.

అమెరికాలోని చాండ్లర్ ఊరి ఎండకి జనం లైబ్రరీలో చేరినా ఖాళీ కుర్చీలు చాలానే ఉన్నాయి. ఆవిడకి మాత్రం ఆ కుర్చీయే కావాలి.

తెల్లటి జుట్టు. మగవాళ్ల టోపీ. చేతిలో పుస్తకం కూడా లేదు. రెప్ప వేయకుండా పిల్లనే చూస్తుంది.

పక్క టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందేసుకున్న వేద తల్లి జయంతికి పని సాగలేదు.

వేదకి తొమ్మిదేళ్లు. పోయిన వేసవిలో ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్‌లో తమ్ముడు హర్షిత్ పోయాడు. నీళ్లలో వాణ్ణి మొదట చూసింది వేదే. ఆనాటి నుంచి ఆ పిల్ల నోట మాట లేదు.

డాక్టర్లు ఓపిక పట్టమన్నారు. అత్తగారు చాముండేశ్వరి మాత్రం తేల్చి చెప్పింది.

"పిల్ల ముందు వాడి పేరెత్తకండి. మరిచిపోతే మాట అదే వస్తుంది."

ఎవరూ ఎత్తలేదు. ఫొటోలు బీరువాలోకి వెళ్లాయి. పూల్ మీద కవర్ పడింది.

లైబ్రరీకి వస్తే వేద కాగితం నిండా నీలం క్రేయాన్ రుద్దుతుంది. నడుమ చిన్న చోటు తెల్లగా వదిలేస్తుంది.

ఆకాశం, చందమామ అనుకునేది జయంతి.

ఇంటికి వెళ్లాక అత్తగారికి ముసలావిడ సంగతి చెప్పింది.

"అలా గుచ్చి గుచ్చి చూస్తే పిల్లకి దిష్టి తగలదూ? ఉప్పూ మిరపకాయలూ పట్రా అమ్మాయ్."

"ఇక్కడ మిరపకాయలు కాలిస్తే స్మోక్ అలారం మోగుతుంది అత్తయ్యా."

"మోగనీ. ఆ ముసల్దానికి వినపడాలి."

మోగింది. ఇల్లంతా హోరెత్తింది.

వేద కనీసం ఉలిక్కిపడలేదు.

మర్నాడు ముసలావిడ ఎదుటి కుర్చీని వేద పక్కకి జరుపుకుంది. జయంతి లేచి, చప్పుడు కాకుండా వెనకగా వెళ్లి నిలబడింది.

ముసలావిడ కాగితంలో ఆ తెల్లటి చోటు మీద వేలు పెట్టింది.

"కళ్లు తెరిచే ఉన్నాయా?" అని మెల్లగా అడిగింది.

జయంతి ఓ అడుగు ముందుకేసింది. హర్షిత్ సంగతి ఈవిడకి ఎవరు చెప్పారు?

వేద తలెత్తింది. పెదవులు వణికాయి. నోరు తెరిచింది.

కేక పెట్టబోతోందనుకుంది జయంతి. ఒక్క ఉదుటున పిల్లని లేపి గుండెకి అదుముకుంది.

"ఎవరు నువ్వు? నా పిల్లని ఏమడుగుతున్నావ్?"

"ఒక్క నిమిషం ఆగు. వచ్చేస్తోంది."

"ఏం వచ్చేస్తోంది?"

ముసలావిడ వేద నోటి వంకే చూస్తోంది.

జయంతి కౌంటర్ దగ్గరికి పరుగెత్తింది. వెనక గోడ మీద ఎవరో నల్లజుట్టు అమ్మాయి ఫొటో నవ్వుతోంది.

"ఆవిడ మీదా కంప్లయింట్?" లైబ్రేరియన్ తెల్లబోయింది. "మేడమ్, ఆవిడెవరో..."

"ఎవరైతే నాకేంటి? మీరు పంపిస్తారా, పోలీసుల్ని పిలవనా?"

పిలవాల్సిన పని పడలేదు. ముసలావిడ టోపీ పెట్టుకుని తలుపు దాకా వెళ్లింది. ఆగి, వెనక్కి తిరిగి వేదని చూసింది. ఎండలోకి వెళ్లిపోయింది.

వేద నోరు మూసుకుంది.

స్కూళ్లు తెరిచాక ఆ పిల్ల క్రేయాన్ కూడా వదిలేసింది. కనీసం బొమ్మలైనా వేస్తుందని జయంతి మళ్లీ లైబ్రరీకి తీసుకొచ్చింది.

ఆ కుర్చీలో పూలున్నాయి. పూల మధ్య మగవాళ్ల టోపీ. దాని పక్కన, గోడ మీద నుంచి దించిన నల్లజుట్టు అమ్మాయి ఫొటో.

వేద వెళ్లి టోపీ మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"ఎప్పుడు?" అంది జయంతి.

"పోయిన వారం," అంది లైబ్రేరియన్. "ఈ ఫొటో ఆవిడదే, వయసులో ఉన్నప్పటిది. ఆవిడ నవలలు దేశమంతా చదివింది. వయసు మీదపడ్డాక రాయడం మానేసి ఊరికే వచ్చి కూర్చునేది. మీ పాప బొమ్మ నాకు చూపించి ఏమిటనుకుంటున్నావని అడిగింది. ఆకాశమన్నాను."

"నేనూ అదే అనుకున్నాను."

"ఆవిడేమో కాదు, నీళ్లు అంది."

"ఆవిడకెలా తెలుసు?"

లైబ్రేరియన్ వేద వైపు చూసింది.

"ఆవిడ మొదటి నవలంతా అదే. చిన్నప్పుడు ఈ ఊరి కాలవలో చెల్లెలు పోయిందట. ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తలేదట. ఓ టీచరమ్మ పక్కన కూర్చుని, కళ్లు తెరిచే ఉన్నాయా అని అడిగేదాకా ఆవిడకీ మాట లేదు."