ఏడో మంచం నర్సు

“మా పిల్లకు మిషన్ ఎందుకు తీసేశావమ్మాయ్?”

నర్సు ఒక చేత్తో సెలైన్ గొట్టం పట్టుకుని, రెండో చేతి గడియారం వంకే చూస్తోంది.

అమ్మమ్మకు ఒళ్లు మండింది. వార్డులో పిల్లలందరికీ మందు మిషన్‌తో ఎక్కుతోంది. ఏడో మంచం మీదున్న తన మనవరాలికి మాత్రం చేత్తోనా?

“నిన్నే! డ్యూటీ ఎప్పుడైపోతుందా అని చూస్తున్నావా?”

“కాసేపు పలకరించకు అమ్మమ్మా, నీకు దండం పెడతా.”

“అబ్బో, మహారాణి! మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు!”

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. భయపడ్డ నోటికి అదెక్కడ గుర్తుంటుంది?

కేకలు విని మేనేజరు వచ్చాడు. అమ్మమ్మను పక్కకు పిలిచాడు. మాట వెన్నపూస.

“ఆవిడతో మాకూ వేగలేకుండా ఉందమ్మా. ఎప్పుడూ మా మీద రిపోర్టులే. మీరొక ఫిర్యాదు ఇస్తే పంపించేస్తాం.”

“నాకు రాయడం రాదు బాబూ.”

“రాసే తెచ్చాను.”

అమ్మమ్మ వేలిముద్ర వేసింది.

మర్నాడు నర్సు లేదు. తీసేసిన మిషనే మళ్లీ వచ్చింది. దాని పచ్చదీపం చూసుకుని అమ్మమ్మ ఆ పూట కడుపునిండా తిన్నది.

మూడో రోజు మధ్యాహ్నం పిల్ల పోయింది.

“జ్వరం ముదిరింది. మా చేతుల్లో ఏముంది?” అన్నారు.

నుదుటి రాత అనుకుంది అమ్మమ్మ. పిల్ల గౌను ఒళ్లో పెట్టుకుని ఇల్లు చేరింది.

ఆరు నెలలకు లేబర్ కోర్టు నుంచి పిలుపొచ్చింది. రిపోర్టులు రాసినందుకు కక్షగట్టి తీసేశారని నర్సు కేసు వేసిందట.

“పోయిన పిల్లను అడ్డం పెట్టుకుని ఉద్యోగం తెచ్చుకుంటుందా?” అని తిట్టుకుంటూనే వెళ్లింది.

“ఈ వేలిముద్ర నీదేనా అమ్మా?” నర్సు తరఫు లాయరు అడిగాడు.

“వేలు నాదే బాబూ. మాటలు మేనేజరువి.”

లాయరు తలూపి, నర్సు రాసిన ఆఖరి రిపోర్టు చదివాడు.

“ఏడో మంచం మిషన్ ఉన్నట్టుండి మందంతా ఒక్కసారే వదిలేస్తోంది. ఇలా రాయడం మూడోసారి. మార్చేదాకా నేనే గడియారం చూస్తూ, చుక్కలు లెక్కపెట్టి ఎక్కిస్తాను.”

అమ్మమ్మ బోనులో నిలబడి తన బొటనవేలిని చీరకొంగుతో గట్టిగా తుడుచుకుంది.

జడ్జిగారు నర్సు వైపు తిరిగారు.

“ఈ రిపోర్టు వెనక్కి తీసుకుంటే రేపే ఉద్యోగంలోకి తీసుకుంటామని ఆసుపత్రివాళ్లు రాసిచ్చారు. నువ్వే వద్దంటున్నావట. ఎందుకమ్మా?”

నర్సు తల దించుకుంది.

“వెనక్కి తీసుకుంటే, ఆ పాప జ్వరంతోనే పోయినట్టు అయిపోతుందండీ.”