ఒక ఫ్రీజరు, మూడు కేకులు

"దీన్ని తెరిచి వదిలేసిందెవరు?"

ఫ్రావ్ వీటింగ్, అంటే వీటింగ్ మేడమ్, అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది నెస్రిన్‌కి. సోమవారం పొద్దున్న జర్మనీ నగరం బ్రెమెన్‌లోని ఆ క్యాన్సర్ ల్యాబ్‌లో పెద్ద ఫ్రీజరు తలుపు జానెడు తెరుచుకుని ఉంది. నేలంతా నీళ్ళు. అందులో ఉన్నవి యోర్న్ మూడేళ్ళుగా కూడబెట్టుకున్న కణితి ముక్కలు. అవి పోతే అతని డాక్టరేటు పోయినట్టే.

నెస్రిన్ టర్కీలోని అంకారా నుంచి వేసవి పరిశోధనకు వచ్చిన వైద్య విద్యార్థిని. వచ్చి పదిరోజులైంది. శుక్రవారం సాయంత్రం ఆ ఫ్రీజర్లో యోర్న్ ఇచ్చిన డబ్బా పెట్టింది తనే. ట్రామ్ తప్పిపోతుందని తలుపును ఒక్క తోపు తోసి పరుగెత్తింది. గడియ పడిన చప్పుడు విన్నదా? ఎంత తల బద్దలుకొట్టుకున్నా గుర్తు రాలేదు.

"అలారమైనా మోగలేదేం?" ప్రొఫెసర్ ఆరెన్స్ గడ్డం గోక్కున్నాడు.

"ముప్పై ఏళ్ళ పాతది. నాలాగే దానికీ ఓపిక అయిపోయింది." ఫ్రావ్ వీటింగ్ తలుపు గట్టిగా మూసేసింది. ల్యాబ్ టెక్నీషియన్ ఆవిడే, పెత్తనమూ ఆవిడదే. "లోపల ఎవరూ చెయ్యి పెట్టకండి. యోర్న్ డబ్బాలు యోర్నే చూసుకుంటాడు."

"ఆయనకి ఫోన్ చేద్దామా?" అడిగింది నెస్రిన్.

ఇద్దరూ ఆమెను వింతగా చూశారు.

"ఇవాళ సెలవు పెట్టాడమ్మాయ్," అంది ఫ్రావ్ వీటింగ్. "సెలవులో ఉన్న మనిషికి ఎవరైనా ఫోన్ చేస్తారా? రేపొస్తాడు. ఏడ్చేదేదో రేపే ఏడుస్తాడు. ఇక్కడి పద్ధతి నీకింకా తెలీదుగా, విను. గాజుసామాను పగలగొట్టినా, మందు ఒలకబోసినా, చేసినవాళ్ళు మర్నాడు కాఫీ వేళకి కేకు తెస్తారు. పక్కన పేరు చీటీ పెడతారు. తినేశాక ఇంకెవరూ ఆ మాటెత్తరు."

గాజుసామానుకైతే కేకు సరిపోతుంది. మూడేళ్ళ కష్టానికి ఎంత కేకు తేవాలి?

ఆ సాయంత్రం హాస్టల్ వంటగదిలో ఆమెతోపాటు ఉండే పోర్చుగీసు పిల్ల తల పట్టుకుంది. "నీకేమైనా పిచ్చా? చూసినవాళ్ళెవరు? నోరు మెదపకుండా ఊరుకో. ఒప్పుకున్నావంటే ఎల్లుండికల్లా నిన్ను విమానం ఎక్కిస్తారు. సర్టిఫికెట్టూ లేదు, ఏమీ లేదు."

"తెలుసు," అంది నెస్రిన్, రవ్వ కొలుస్తూ.

వాళ్ళమ్మ పండగలకు చేసే రెవానీ మొదలుపెట్టింది. రవ్వతో చేసి పాకంలో నానబెట్టే కేకు అది. పాకం రెండుసార్లు మాడింది. మూడోసారికి కుదిరింది.

మంగళవారం కాఫీ గదిలోకి అడుగుపెట్టిన నెస్రిన్ గుమ్మంలోనే ఆగిపోయింది. బల్లమీద అప్పటికే రెండు కేకులున్నాయి. వెన్న కేకు పక్కన చీటీ: వీటింగ్. చెర్రీ కేకు పక్కన చీటీ: ఆరెన్స్.

"శుక్రవారం మీరంతా వెళ్ళాక మంచు గీకుదామని తెరిచాను," ఫ్రావ్ వీటింగ్ ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది. "మధ్యలో మా చెల్లెలు ఫోన్ చేసింది. అది మొదలుపెడితే ఆపదు."

ప్రొఫెసర్ చెవులు ఎర్రబడ్డాయి. "నేను శనివారం మా మనవరాల్ని తీసుకొచ్చాను. ఫ్రీజర్లోంచి తెల్లటి పొగ వస్తుందంటే చూస్తానంది. నాలుగుసార్లు చూపించాను."

"ఆ కేకు మీ ఆవిడ చేసింది. చెల్లదు," అంది ఫ్రావ్ వీటింగ్.

నెస్రిన్ తన రెవానీని బల్లమీద పెట్టి, పక్కన తన పేరు చీటీ ఉంచింది. ఆ చీటీ చదివి ఫ్రావ్ వీటింగ్ ఆమె భుజం తట్టింది. నెస్రిన్‌కి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

అంతలో యోర్న్ వచ్చాడు. సైకిల్ హెల్మెట్టు చేతిలో, ఎండకు కమిలిన ముక్కు, మొహమంతా నవ్వు.

"ముగ్గురూ ఒకేరోజు పుట్టారా ఏంటి?" అంటూ రెవానీ ముక్క కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు. "బాగుందే, ఎవరు చేశారు?"

నెస్రిన్ మొత్తం చెప్పేసింది, తలుపు, నీళ్ళు, మూడేళ్ళ కణితి ముక్కలు. "నన్ను క్షమించండి," అంది.

యోర్న్ నమలడం ఆపేశాడు. మూడు కేకులనూ చూశాడు, మూడు చీటీలనూ చూశాడు. ముక్కుతో పోటీగా మొహమంతా ఎర్రబడింది. గుమ్మం పక్కన తగిలించి ఉన్న తన ల్యాబ్ కోటు జేబులో చెయ్యి పెట్టి, మడిచిన పసుపు కాగితం ఒకటి తీసి రెవానీ పక్కన పెట్టాడు. నాలుగు మూలలా పెట్టిన టేపు ఇంకా దేనికీ అంటుకోలేదు.

నెస్రిన్ విప్పి పైకి చదివింది:

"నా డబ్బాలన్నీ ఆదివారం కింది అంతస్తు ఫ్రీజర్లోకి మార్చి, దీన్ని ఆపేశాను. మంచు కరగాలి, తలుపు వేయకండి. కంగారు పడకండి. ఇట్లు, యోర్న్."