ఎవరి కింద ఎవరు

"అన్యాయం జరిగింది ఎవరికి? ఎలా జరిగింది? ఈ రెండూ చెప్తే చాలు సార్," అందామె.

సూపరింటెండెంటుకు ముచ్చెమటలు పోశాయి. పాత ఫైళ్లు తిరగదోడడానికి ప్రధాన కార్యాలయం నుంచి ఎవరో మహాతల్లి దిగబోతోందని వారం రోజులుగా ఆ అట్టపెట్టెల కర్మాగారమంతా గుసగుసలే. పొద్దున గేటు దగ్గర కాపలాదారు, "ఒక మేడమ్ మీ గదిలో మీకోసం చూస్తున్నారు సార్" అనగానే ఆయన గుండె గుభేలుమంది. తలుపు తీసేసరికి ఆమె లేచి నిలబడింది. మర్యాదగా మాట్లాడే అధికారులంటే ఆయనకు మరింత భయం.

"మీరు కూర్చోండి మేడమ్," అంటూ తన కుర్చీనే చూపించాడు.

"మీ కుర్చీలో నేనా? బాగుండదు సార్."

ఆ మాట ఆయనకు ఎత్తిపొడుపులా తగిలింది. ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఆమె చేతిలో మాసిపోయిన విచారణ నివేదిక ఉంది.

"తొమ్మిదేళ్ల కిందట అట్ట కోసే మిషను కత్తి మీది ఇనుప మూత విప్పిందెవరు?"

"ఫిట్టరు."

"విప్పమన్నది?"

"అతను నా మనిషి కాదండీ. రిపేర్ల మేస్త్రీ కింద ఉండేవాడు. నా కింద లేనివాడికి నేనెలా చెప్తాను?"

"విచారణలోనూ ఇదే మాటన్నారు. పనివాడికి రెండు వేళ్లు పోయాయి, ఫిట్టరుకు ఉద్యోగం పోయింది. ఆ రోజు ఫిట్టరు ఏమన్నాడో గుర్తుందా?"

గుర్తులేకేం! 'పెద్దవాళ్లు చెప్తుంటే, చెప్పడానికి నువ్వెవరివని అడుగుతామా అయ్యా?' అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ముందుగా నవ్వింది తానే.

"ఇప్పుడు రిపేర్ల సెక్షను మీ కిందికే వచ్చిందట కదా?"

"ఒకటో తారీఖు నుంచండీ." ఆయన చేతులు జోడించాడు. "మేడమ్, ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంది. ఒప్పుకుంటే నా ఉద్యోగం..."

"అది నా చేతుల్లో లేదు సార్. ఒకరు అడగకముందే మీరే రాసిస్తే మీకు గౌరవం. రాయడం, మానడం మీ ఇష్టం."

ఇష్టమట! పై నుంచి వచ్చినవాళ్లు ఆ మాట అన్నారంటే దాని అర్థమేమిటో ముప్ఫయ్యేళ్ల కొలువులో ఆయనకు తెలియనిది కాదు. కాగితం ముందుకు లాక్కున్నాడు. 'మూత విప్పమని నోటిమాటగా చెప్పినది నేనే. ఫిట్టరు తప్పు ఏమీ లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

ఆమె ఒకటికి రెండుసార్లు చదివింది. ఫోనుతో ఫొటో తీసి పంపింది.

"ఎక్కడికండీ?"

"ప్రధాన కార్యాలయానికి. ఇంకొకటి మా ఇంటికి. అక్కడొకాయన తొమ్మిదేళ్లుగా దీనికోసమే చూస్తున్నారు."

ఆయన తలెత్తి ఆమె ముఖం చూశాడు. అవే కనుబొమలు. అదే మొండి గడ్డం.

"నువ్వు... మీరు ఆయన..."

"కూతుర్ని. మా నాన్నకు మీరు పడ్డ బాకీ ఈ రోజుతో పూర్తిగా తీరింది."

ఫిట్టరు కూతురు ఇంతదై వచ్చి తన నెత్తిన కూర్చోబోతోంది!

"అయితే ఇకమీదట నేను మీకే జవాబు చెప్పుకోవాలా అమ్మా?" అన్నాడు పీలగా.

ఆమె సంచిలోంచి మరో కాగితం తీసి, రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది.

"దీని మీద కూడా మీ సంతకం కావాలి సార్."

అది, ఆయన కింద ఫిట్టరుగా చేరుతున్నట్టు ఆమె రాసుకొచ్చిన జాయినింగ్ రిపోర్టు.