సుమియోషి గారు

ఒసాకాలో రెండు రోజులు ఏమేం చూడాలో నా భార్య ఫుమియె కాగితం మీద రాసింది. మొదటి రోజు ఇద్దరికీ కోట, పడవ షికారు. రెండో రోజు పొద్దున నాకు చేపల బజారు. తన పేరు కింద మాత్రం "సుమియోషి గారిని కలవాలి, ఒక్కదాన్నే" అని ఉంది.

పెళ్ళికి ముందు తను అక్కడి నూలు మిల్లులో పనిచేసింది. యాభై ఏళ్ళలో ఈ పేరు ఎన్నడూ ఎత్తలేదు. మా కొండ ఊళ్ళో పొలంలో ముల్లంగి పీకుతున్నా నాకు అదే ధ్యాస. మనిషి పొడుగ్గా ఉంటాడు కాబోలు అనుకున్నాను. అన్నం సయించలేదు.

"ఎవరే ఆ సుమియోషి? ఇంకా బతికే ఉన్నాడా?" అని చివరికి అడిగేశాను.

ఫుమియె విరగబడి నవ్వింది. "దేవుడండీ! ఒసాకాలో గుళ్ళో దేవుణ్ణి కూడా గారూ అనే అంటారు. ఈ వయసులో కుళ్ళేమిటండీ మీకు?"

"మరి నన్నెందుకు రావద్దన్నావు?"

ఆమె నవ్వు ఆగింది.

"ఆ కొండల్లోకి ఎవరు పోతారని, మీ సంబంధం తప్పిపోవాలని అప్పట్లో ఆయనకు మొక్కుకున్నాను. ఆయన వినలేదు."

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"వినకపోవడమే మంచిదైందని చెప్పి రావాలి. అది మీ ఎదుట చెప్పాలంటే నాకు సిగ్గండీ."