యోనా నిరాహార దీక్ష

“మీ కుక్క నిరాహార దీక్ష చేస్తోందండీ,” అన్నాడు సూర్యప్రకాశరావు, గేటు బయటే నిలబడి. భుజానికి గుడ్డసంచీ, సంచీలోంచి పైకి రెండు చెవులు.

“ముందు లోపలికి రండి. ఎండలో నిలబడ్డారు,” అంది సారమ్మ.

ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని సంచీ దించాడు. “మొన్న మీ దగ్గర్నుంచి తీసుకెళ్ళింది మొదలు మెతుకు ముట్టలేదు. పాలన్నం పెట్టాను. చేప పెట్టాను. ఎలా తినాలో తెలీదేమోనని దాని ముందు కూర్చుని నేనే తిని చూపించాను.”

“అప్పుడు?”

“శ్రద్ధగా చూసిందండీ.”

“పశువుల డాక్టరుకి చూపించలేకపోయారా?”

“చూపించాను. దానికేం లేదు, మీరే కాస్త నీరసంగా ఉన్నారన్నాడు.”

సారమ్మ నవ్వు ఆపుకుంటూ టీ పెట్టడానికి వెళ్ళింది.

కుక్క ఎందుకు తినటం లేదో ఆవిడకి తెలుసు. మిషన్ స్కూలు హాస్టల్లో వార్డెన్‌గా ఉన్నన్నాళ్ళూ ప్రార్థన చెయ్యందే ఏ పిల్లనీ ముద్ద ముట్టనివ్వలేదు. రిటైరయ్యాక ఆ క్రమశిక్షణ చూపించడానికి మనుషులు దొరక్క, దిక్కులేని కుక్కపిల్లల్ని తెచ్చి సాకుతూ వాటి మీద చూపిస్తోంది. కొల్లేరు వరదలో చేపల థర్మోకోల్ పెట్టె మీద కొట్టుకొచ్చిన ఈ యోనా కూడా, ఎవరో ఒకరు ‘ఆమెన్’ అనేదాకా కంచం వంక చూడదు. ఏలూరు మొత్తం మీద ఇంత భక్తిగల కుక్క లేదని పాస్టరు గారే ఒప్పుకున్నారు.

ఈ సంగతి పెంచుకోడానికి తీసుకెళ్ళేవాళ్ళకి సారమ్మ చెప్పదు. ఒక పూట పస్తుకి కుక్క ఏమీ అయిపోదు. వాళ్ళు మాత్రం కంగారుగా తిరిగొస్తారు. కూర్చుంటారు. టీ తాగుతారు. అప్పుడు చెబుతుంది. ‘ఓస్, ఇంతేనా’ అని వెళ్ళిపోతారు. ఇక రారు. ఆవిడ ఇంట్లో గోడ గడియారం టైము అడిగేవాళ్ళు లేక ఎప్పుడో ఆగిపోయింది. బల్లి కిచకిచమంటే ‘అవునమ్మా’ అని సారమ్మే జవాబిస్తుంది.

కానీ మిగతావాళ్ళంతా ఒక్క పూటకే పరిగెత్తుకొచ్చారు. ఈయన రెండ్రోజులు ఆగాడు. అది ఆవిడ గుండెలో ముల్లులా గుచ్చుకుంటోంది. ఒక్క టీ అయ్యాక చెప్పేద్దామనుకుంది.

“మీ ఇంటికి ఎవరూ రారా అండీ?” అని అడిగింది, గ్లాసు అందిస్తూ.

“మా ఊరు గూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసేవాణ్ణి కదండీ. ఇల్లంతా వాసనని ఎవరూ వచ్చేవారు కాదు. వ్యాపారం మానేశాను, వాసనా పోయింది. పోయిందని చెప్పడానికి ఎవరో ఒకరు రావాలి కదా.”

సారమ్మ రెండో టీ పెట్టింది. ఆయన దాన్ని గుళ్ళో తీర్థం పుచ్చుకున్నంత నెమ్మదిగా తాగుతున్నాడు.

“మీ బండి ఎన్నింటికండీ?”

“ఒకటి వెళ్ళిపోయింది. ఇంకోటి వెళ్ళిపోబోతోంది.”

“తొందరేమో.”

“రైలుకేనండీ, నాకు కాదు.”

సంచీలోంచి యోనా సన్నగా మూలిగింది. సారమ్మ ఇక ఆగలేకపోయింది. వంటింట్లోకి వెళ్ళి చేపముక్క వేసి అన్నం కలిపి తెచ్చింది. యోనాని సంచీలోంచి దింపి, కంచం ముందు పెట్టి, కళ్ళు మూసుకుని ఎన్నడూ లేనంత చిన్న ప్రార్థన చేసింది.

“ఆమెన్.”

యోనా కంచం వాసన చూసింది. ఆవులించింది. వెళ్ళి సూర్యప్రకాశరావు పాదం మీద తలపెట్టుకుని పడుకుంది.

సారమ్మ కంచం పక్కనే కూలబడింది.

“ఏవండీ, తప్పు నాదండీ. ప్రార్థన చేసి ఆమెన్ అంటేగానీ ఇది తినదు. కావాలనే మీకు చెప్పలేదు. చెప్తే మళ్ళీ రారని. ఇప్పుడు చూడండి, తిండి మీద ధ్యాసే పోయింది దీనికి. నా ఒంటిగా ఉండలేనితనానికి నోరులేని దాన్ని మాడ్చి చంపుతున్నాను.”

ఆయన ఖాళీ గ్లాసు కింద పెట్టాడు.

“ఆమెన్ సంగతి నాకు తెలుసండీ,” అన్నాడు. “మొన్న సాయంత్రం మా వంటావిడ పాపాయమ్మ ఆమెన్ అని అన్నం కలుపుకుంటుంటే, ఇది వెళ్ళి ఆవిడ కంచంలో కూర్చుంది.”

“మరి దీక్షన్నారు?”

“ఇక్కడికి రాగానే తినేస్తే నేను వెంటనే వెళ్ళిపోవాలి కదండీ. అందుకని బండెక్కేముందు నేనే దీనికి రెండుసార్లు ఆమెన్ అన్నాను.”